నీళ్లు ఎటు పోయాయి?

దోహాకు ఉత్తరాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న పట్టణం అల్ ఖోర్. ఒకప్పుడు ముత్యాల వేటకూ చేపల వేటకూ పేరున్న ఊరు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు తొలి మ్యాచ్ జరిగిన అల్ బైత్ స్టేడియం ఇక్కడే ఉంది. ఇంకా ఉత్తరానికి పోతే రాస్ లఫ్ఫాన్ పారిశ్రామిక నగరం వస్తుంది. సముద్రం కింద నుంచి తీసిన సహజవాయువును అక్కడ ద్రవంగా మార్చి ఓడలకెక్కిస్తారు. ఏడాదికి 7.7 కోట్ల టన్నులున్న ఆ సామర్థ్యాన్ని 12.6 కోట్ల టన్నులకు పెంచే విస్తరణకు 2023 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. ఇంత పెద్ద పని జరిగేచోట ఉక్కు, పైపులు, సిమెంటు, కంకర, తాగునీరు అన్నీ రోడ్డు మీదే కదలాలి. ఆ బరువులు మోసే ట్రైలర్ల స్టీరింగు దగ్గరా, వాటి కింద పడుకుని నట్లు విప్పే చోటా జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ యాసలు వినిపిస్తాయి.

అల్ ఖోర్‌లోని గ్యారేజీ అయినా, విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్డు అయినా మెకానిక్ దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం మాట తేడా లేకుండా వస్తుంది. “అన్నా, బండి నీళ్లు తాగుతోంది. వారానికి నాలుగు లీటర్లు పోస్తున్నా. కింద చూస్తే చుక్క లేదు.”

ఈ ఫిర్యాదులోనే ఒక చిక్కు ప్రశ్న ఉంది. మూతపెట్టి బిగించిన వ్యవస్థలోంచి నాలుగు లీటర్లు మాయమయ్యాయి. ద్రవ్యం నశించదని పద్దెనిమిదో శతాబ్దంలోనే లవోజియే తూచి చూపించాడు. కాబట్టి ఆ నీళ్లు ఎక్కడికో పోయాయి, పోయినచోట ఏదో ఒకటి వదిలి ఉంటాయి. ఆ జాడ పట్టుకోవడానికి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వర్ణపట విశ్లేషణ అన్నీ గ్యారేజీలోకి ఎలా వస్తాయో ఈ అధ్యాయంలో చూద్దాం.

చుక్కల లెక్క

ముందు “కింద చుక్క లేదు” అనే మాటనే పరీక్షిద్దాం. ఒక మిల్లీలీటరు నీటికి సుమారు 20 చుక్కలు. నాలుగు లీటర్లంటే 80,000 చుక్కలు. బండి వారానికి 60 గంటలు నడిచిందనీ, నడిచినప్పుడే కారిందనీ అనుకుంటే నిమిషానికి 22 చుక్కలు. అంటే దాదాపు మూడు సెకన్లకు ఒక్క చుక్క. ఆ చుక్క పడేది 90 డిగ్రీలు దాటిన ఇనుప బ్లాకు మీద. పక్కనే గాలిని లాగే ఫ్యాను. నేల దాకా చేరేలోపే చుక్క ఆవిరైపోతుంది. అందుకే బండి కింద తడి లేకపోయినంత మాత్రాన లీకు బయట లేదనడానికి వీల్లేదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. అల్ ఖోర్ గాలిలో వేసవి రాత్రుల్లో తేమ దట్టంగా ఉంటుంది. క్యాబిన్ ఏసీ ఆ తేమను చల్లబరిచి నీరుగా మార్చి కిందికి వదులుతుంది. ఆ మడుగు చూసి రేడియేటర్ పోయిందని కంగారుపడేవాళ్లు ఉంటారు. ఏసీ నీటికి రంగు లేదు, జిగురు లేదు, ఆరితే మరక లేదు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలంట్ అయితే రంగుతో పాటు వేళ్లకు జారుడుగా తగులుతుంది. నాలుకతో రుచి చూసి తేల్చే పాత అలవాటు మాత్రం ప్రాణాంతకం. కూలంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కడుపులోకి పోతే శరీరం దాన్ని ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కాల్షియంతో కలిసి స్ఫటికాలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒక పెద్దమనిషికి 100 మిల్లీలీటర్లు చావు దాకా తీసుకుపోవచ్చు.

మూడో సంగతి, వ్యాకోచం. పెద్ద ట్రక్కులో కూలంట్ సుమారు 40 లీటర్లు ఉంటుందనుకుందాం. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పటికీ, లోడుతో నడిచాక ఉన్న వేడికీ మధ్య ఆ ద్రవం పరిమాణం నూటికి నాలుగైదు వంతులు పెరుగుతుంది. అంటే దాదాపు రెండు లీటర్లు. పొద్దున చల్లటి ఇంజిన్‌లో మట్టం తక్కువగా కనిపించిందని నిండా పోస్తే, మధ్యాహ్నానికి ఆ అదనపు నీరు ట్యాంకు మూతలోంచి బయటికి తన్నుకు పోతుంది. మర్నాడు పొద్దున మట్టం మళ్లీ తక్కువ. డ్రైవరు మళ్లీ పోస్తాడు. లీకు లేని బండి కూడా ఇలా వారమంతా నీళ్లు తాగగలదు. కాబట్టి మొదటి పని పానా పట్టడం కాదు. ట్యాంకు మీద ఉన్న గీతల మధ్యకు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నింపి, రోజూ అదే వేళకు మట్టం గుర్తుపెట్టడం. ఒక బాల్ పెన్ను, రెండు మూడు రోజుల ఓపిక చాలు.

45 డిగ్రీల గాలితో చల్లబరచడం

నాలుగు లీటర్లు తగ్గితే అంత ప్రమాదమా అని అడగవచ్చు. లెక్క చూడండి. 400 హార్స్‌పవర్ ఇంజిన్ పూర్తి బలంతో లాగుతుంటే చక్రాల వైపు వెళ్లేది సుమారు 300 కిలోవాట్లు. డీజిల్‌లోని శక్తిలో మంచి ఇంజిన్ పనిగా మార్చేది నూటికి 40 వంతులకు కాస్త పైన. మిగిలిన దాంట్లో పెద్ద భాగం సైలెన్సర్ దారిన పోతుంది. మొత్తం శక్తిలో నాలుగో వంతు దాకా, అంటే 175 కిలోవాట్ల దరిదాపు వేడిని కూలంట్ మోయాలి. ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగంసగం కలిపిన ద్రవం ఒక్కో కిలో ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 3.5 కిలోజూళ్లు తీసుకుంటుంది. ఈ అంకెలతో చూస్తే, రేడియేటర్ పని ఆగిపోయిన క్షణం నుంచి 40 లీటర్ల కూలంట్ ఒక్కో డిగ్రీ పెరగడానికి సెకను కూడా పట్టదు. ఇంజిన్ లోహం కొంత వేడి పంచుకున్నా, మరిగే స్థితికి చేరడం నిమిషాల వ్యవహారమే.

రేడియేటర్ వేడిని వదిలే వేగం రెండు ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. కూలంట్ 95 డిగ్రీలు, బయటి గాలి 20 డిగ్రీలు ఉంటే తేడా 75. అల్ ఖోర్‌లో జులై మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలు ఉంటే తేడా 50 మాత్రమే. అదే రేడియేటర్, అదే ఫ్యాను, కానీ శక్తి మూడింట రెండు వంతులకు పడిపోయింది. దానికి తోడు రెక్కల సందుల్లో సున్నపురాయి దుమ్ము, సముద్రపు ఉప్పు తేమ కలిసి గట్టిపడితే ఇంకా తగ్గుతుంది. జనవరిలో ఎవరికీ తెలియకుండా గడిచిపోయిన చిన్న లీకు జులైలో రోడ్డు పక్కన ఆవిరి కక్కడానికి కారణం ఇదే. లీకు పెరగక్కర్లేదు, ఉన్న మిగులు కరిగిపోతే చాలు.

మూతకు ఉన్న విలువ

కూలంట్ వ్యవస్థలో చవకైన భాగం ట్యాంకు మూత. అందుకే అందరూ దాన్ని ఆఖర్న చూస్తారు. చూడాల్సింది మొదట. మన వంటింటి కుక్కర్ ఏ సూత్రం మీద పనిచేస్తుందో ఈ మూత కూడా దాని మీదే పనిచేస్తుంది. పీడనం పెరిగితే మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. సముద్రమట్టం వద్ద మామూలు నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. వాతావరణ పీడనానికి పైన ఇంకో బార్ కలిపితే 120 దాకా మరగదు. సగం గ్లైకాల్ కలిపిన ద్రవం మూత లేకుండా 107 దగ్గర, ఒక బార్ పీడనంలో 130కి దగ్గరగా మరుగుతుంది. మూతలోని స్ప్రింగు అలసిపోయినా, రబ్బరు వాషరు చిట్లినా ఈ 20 డిగ్రీల రక్షణ పోతుంది. కూలంట్ లోపలే మరిగి, ఆవిరై, మూత చుట్టూ తెల్లటి మరక వదిలి పోతుంది. సిలిండర్ హెడ్డు విప్పించుకున్న బండ్లలో కొన్నింటికి కావలసింది కొత్త మూత మాత్రమే.

వేడి ఇంజిన్ మూత తీయకూడదనే హెచ్చరిక వెనకా ఇదే లెక్క ఉంది. 115 డిగ్రీల నీరు పీడనం ఉన్నంతసేపు నీరుగానే ఉంటుంది. మూత తీయగానే అది 100 డిగ్రీలకు దిగాలి. ఆ 15 డిగ్రీల వేడి వదిలించుకోవడానికి దానికి ఉన్న దారి ఆవిరి కావడమే. 40 లీటర్లలో కిలోకు పైగా నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. ఆ ఆవిరికి కావలసిన చోటు 1,800 లీటర్లకు పైమాటే. అదంతా మూత తీసిన మనిషి ముఖం మీదుగా పోవాలి.

బయటికి పోయే దారి

మూత బాగుంది, పొంగి పోవడం లేదు, అయినా మట్టం తగ్గుతోంది. అప్పుడు దారులు మూడే. బయటికి, సిలిండర్‌లోకి, ఇంజిన్ ఆయిల్‌లోకి. బయటి దారిని ముందు తేల్చాలి, ఎందుకంటే దానికి ఏమీ విప్పనక్కర్లేదు.

కూలంట్‌లో నీరు ఎగిరిపోయినా అందులో కరిగిన రసాయనాలు ఎగరవు. కారిన చోట తెల్లగానో, గులాబీ రంగులోనో, ఆకుపచ్చగానో గట్టి పొర మిగులుతుంది. హోస్ పైపు క్లిప్పుల కింద, రేడియేటర్ అంచుల్లో, థర్మోస్టాట్ డబ్బా అతుకుల వద్ద టార్చి వేసి ఈ పొర కోసం వెతకాలి. మన మెకానిక్‌లు వాటర్ బాడీ అని పిలిచే నీటి పంపు కింద ఒక చిన్న రంధ్రం కావాలనే వదిలి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రంలోంచి బయటికి రావాలని దాని ఉద్దేశం. అక్కడ తాజా చార కనబడితే పంపు తన సంగతి తానే చెప్పినట్టు. దాన్ని ఎంసీల్‌తో మూయడం సాక్షి నోరు నొక్కడమే.

తరువాతది పీడన పరీక్ష. మూత స్థానంలో గేజ్ ఉన్న చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న పీడనం వరకు గాలి కొట్టి, ముల్లును పావుగంట గమనిస్తారు. ముల్లు కదలకపోతే వ్యవస్థ గట్టిది. పడిపోయి బయట తడి కనిపిస్తే చోటు దొరికింది. పడిపోయి బయట పొడిగా ఉంటే లీకు లోపల ఉంది. ఇక్కడో మెలిక ఉంది. వేడి ఇంజిన్ మీద ఈ పరీక్ష చేస్తే, అది చల్లారే కొద్దీ ద్రవం కుంచించుకుని లీకు లేకుండానే ముల్లు పడుతుంది. చల్లటి ఇంజిన్‌ను ఎండలో పెట్టి చేస్తే, వేడెక్కే వ్యవస్థలో పీడనం పెరిగి చిన్న లీకును కప్పేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండికి తెల్లవారగానే నీడలో చేయాలి. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని నిషేధం. 2021లో వచ్చిన ఈ నిబంధన మనుషుల కోసం పెట్టింది. అది వద్దన్న వేళలు ఈ పరీక్షకూ తగవు.

కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి. చల్లారినప్పుడు పైపు, దాని కింది లోహపు మెడ కుంచించుకుని క్లిప్పు పట్టు వదులుతుంది, వేడెక్కగానే మళ్లీ బిగుస్తుంది. కొన్ని వేడిలోనే కారతాయి. వేడికి అల్యూమినియం పోత ఇనుము కన్నా రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఆ రెండూ కలిసే అతుకుల్లో గ్యాస్కెట్ రోజూ ఇటూ అటూ ఒరుసుకుంటుంది. హెడ్డులో వెంట్రుకవాసి పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడిలో తెరుచుకుంటుంది. కాబట్టి “ఎప్పుడు తగ్గుతోంది? రాత్రి ఆగినప్పుడా, లోడుతో నడిచినప్పుడా?” అని డ్రైవరును అడిగే ప్రశ్న ఒక పరికరంతో సమానం.

ఇంకా దొరకని బయటి లీకుకు మెరిసే రంగు ఉంది. కొన్ని పదార్థాలు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని తీసుకుని కనబడే కాంతిగా తిరిగి ఇస్తాయని 1852లో జార్జ్ స్టోక్స్ వివరించాడు. 1871లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఫ్లోరెసీన్ అనే రంగును తయారుచేశాడు. ఆరేళ్ల తరువాత జర్మనీలో దాన్ని భూమి మీద జరిగిన పెద్ద లీకు పరీక్షకు వాడారు. డాన్యూబ్ నది నీరు ఒకచోట సున్నపురాయి పగుళ్లలోకి ఇంకిపోతుంది. అది ఎటు పోతోందన్నది వివాదం. 1877లో అక్కడ పది కిలోల ఫ్లోరెసీన్ పోస్తే, సుమారు 60 గంటల తరువాత 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊటలో నీరు ఆకుపచ్చగా మెరిసింది. డాన్యూబ్ నీరు భూగర్భంలో దారి మళ్లి రైన్ నది వైపు పోతోందని తేలింది. గ్యారేజీలో చేసేది అదే పని. కూలంట్‌లో కాస్త రంగు కలిపి, ఒకటి రెండు రోజులు బండి నడిపి, చీకటి పడ్డాక అతినీలలోహిత దీపం వేస్తే లీకు చోటు పచ్చటి చారగా మెరుస్తుంది. అల్ ఖోర్ వేసవిలో రాత్రి పని ఒంటికీ సుఖమే.

బుడగ చెప్పే సాక్ష్యం

బయట ఏమీ లేదు. ఇప్పుడు లోపలి దారులు. ట్యాంకులో బుడగలు వస్తున్నాయా అని చూడాలి. డీజిల్ మండే క్షణంలో సిలిండర్‌లో పీడనం 150 బార్‌లు దాటుతుంది. పక్కన కూలంట్‌లో ఉన్నది ఒక బార్. మధ్యలో హెడ్ గ్యాస్కెట్ కాలినా, ఇంజెక్టర్ చుట్టూ ఉండే గొట్టం సడలినా, వాయువు కూలంట్‌లోకే దూసుకొస్తుంది. ఇంజిన్ నడిచినంతసేపు నీరు సిలిండర్‌లోకి పోదు, వాయువే నీటిని ట్యాంకులోంచి బయటికి తోసేస్తుంది. ఇంజిన్ ఆగాక కథ తిరగబడుతుంది. సిలిండర్‌లో పీడనం లేదు, కూలంట్‌లో ఇంకా ఉంది. నీరు మెల్లగా పిస్టన్ మీదికి చేరుతుంది. తెల్లారి సెల్ఫ్ కొడితే పిస్టన్ ఆ నీటిని నొక్కాలి. నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ అనుమానం ఉన్న ఇంజిన్‌ను ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూడకుండా సెల్ఫ్ కొట్టకూడదు.

బుడగ కనబడగానే హెడ్డు విప్పేయాలా? ఇక్కడే తొందరపాటు ఖరీదు పడుతుంది. ట్రక్కు ఇంజిన్‌లో బుడగలు పుట్టించగల చోటు ఇంకొకటి ఉంది, బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్. దాని తల కూడా చాలా ఇంజిన్లలో ఇదే కూలంట్‌తో చల్లబడుతుంది. దాని చిన్న గ్యాస్కెట్ పోతే, ఎనిమిది పది బార్‌ల గాలి కూలంట్‌లోకి వస్తుంది. చూడ్డానికి అచ్చం హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది.

రెంటినీ విడదీయడానికి ఒక నీలి ద్రవం చాలు. బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక క్షారంలో నీలంగా, ఆమ్లంలో పసుపుగా ఉంటుంది. పీహెచ్ 7.6 నుంచి 6కు దిగే లోపు రంగు మారుతుంది. ట్యాంకులో కూలంట్ పైనున్న గాలిని చిన్న గొట్టంలోని ఈ ద్రవం గుండా లాగుతారు. అది మండిన వాయువైతే అందులో కార్బన్ డయాక్సైడ్ శాతాల్లో ఉంటుంది. నీటిలో కరిగి కార్బానిక్ ఆమ్లమై రంగును ఆకుపచ్చ మీదుగా పసుపుకు లాగుతుంది. కంప్రెసర్ నుంచి వచ్చింది బయటి గాలే, దానిలో కార్బన్ డయాక్సైడ్ నూటికి 0.04 వంతే. రంగు నీలంగానే ఉంటుంది. డీజిల్ ఇంజిన్ ఉత్తినే తిరుగుతున్నప్పుడు గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ కాబట్టి కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువ. అందుకే బండిని లోడుతో నడిపి తెచ్చాక పరీక్షిస్తే ఫలితం తేటగా వస్తుంది. ఇంకో ఆధారం, బ్రేకు ట్యాంకులు నిండి కంప్రెసర్ గాలి కొట్టడం ఆపగానే దాని బుడగలు సాధారణంగా తగ్గుతాయి. బ్రేకు పెడల్ పదేపదే తొక్కి గాలి ఖర్చు చేస్తే మళ్లీ మొదలవుతాయి. రోజుల తరబడి హెడ్డు విప్పే పనికీ, పూటలో అయిపోయే కంప్రెసర్ పనికీ మధ్య తేడాను చెంచాడు నీలి ద్రవం చెప్పేస్తుంది.

బుడగలు లేవు, ఆయిల్ శుభ్రంగా ఉంది, అయినా నీరు తగ్గుతోందంటే ఈజీఆర్ కూలర్ ఉన్న బండ్లలో దాన్ని అనుమానించాలి. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి ఇంజిన్‌లోకి పంపే పెట్టె ఇది. ఒకవైపు వందల డిగ్రీల పొగ, మరోవైపు 90 డిగ్రీల కూలంట్, మధ్యలో పలుచటి రేకు. ఆ తేడాకు అలసి రేకు చిట్లితే నీరు పొగతో కలిసి పోతుంది. చలిదేశంలో సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ మబ్బులా కనబడి పట్టిస్తుంది. 45 డిగ్రీల గాలిలో ఆవిరి తొందరగా మబ్బు కట్టదు, కాబట్టి అల్ ఖోర్‌లో కంటిని నమ్మలేం. కూలర్ విప్పి, రెండు మూతులూ మూసి, గాలి నింపి, గోరువెచ్చని నీటి తొట్టిలో ముంచి చూడటమే ఖాయమైన దారి.

ఆయిల్‌లో దొరికే ఉప్పు

మూడో దారి ఆయిల్. డిప్‌స్టిక్ మీద పాలకాఫీ రంగు కనబడితే ఇక వాదన లేదు. కానీ చిన్న లీకు అలా కనబడదు. ఆయిల్ 100 డిగ్రీల దరిదాపుల్లో తిరుగుతుంటుంది, అందులో పడ్డ నీరు ఆవిరైపోతూ ఉంటుంది. రాత్రంతా ఆగిన బండికి ఆయిల్ ఛాంబర్ కింది బోల్టును కొంచెం వదులు చేస్తే, బరువైన నీరు కింద చేరి ఉంటుంది కాబట్టి ఆయిల్ కన్నా ముందు అది వస్తుంది. వేడి పెనం మీద ఒక చుక్క ఆయిల్ వేస్తే, నీరుంటే చిటపటమంటుంది. ఇవి గ్యారేజీ పరీక్షలు.

నీరు పూర్తిగా ఎగిరిపోయినా మిగిలేవి ఉన్నాయి. కూలంట్‌లో తుప్పు పట్టకుండా కలిపే లవణాల్లోని సోడియం, పొటాషియం ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ప్రతి మూలకం మండేటప్పుడు తనదైన రంగు గీతలు వదులుతుందని 1860లో బున్సెన్, కిర్కాఫ్ చూపించారు. ఆ పద్ధతితోనే వాళ్లు ఒక ఊట నీటిలో దాగిన సీజియాన్ని కనుక్కున్నారు. సోడియం గీత 589 నానోమీటర్ల దగ్గర, పొటాషియం గీత 766 దగ్గర. వాడిన ఆయిల్‌ను ఇలా పరీక్షించి డీజిల్ ఇంజిన్ల జబ్బులు పట్టుకోవడం 1940ల్లో అమెరికా రైల్వేల్లో మొదలైంది. ఇప్పుడు సీసాడు ఆయిల్ ప్రయోగశాలకు పంపితే పదిలక్షల్లో ఎన్ని వంతుల సోడియం ఉందో చెబుతారు. గతసారి కన్నా సోడియం, పొటాషియం రెండూ పెరిగాయంటే, డిప్‌స్టిక్ ఎంత శుభ్రంగా ఉన్నా కూలంట్ లోపలికి వస్తున్నట్టే. సోడియం ఒక్కటే పెరిగితే సముద్రపు ఉప్పు గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒడ్డున ఉన్న ఊళ్లో ఈ జాగ్రత్త అవసరం.

ఆయిల్‌లోకి నీరు రావడానికి రెండు ముఖ్యమైన చోట్లు. ఒకటి ఆయిల్ కూలర్. ఇంజిన్ నడుస్తుంటే ఆయిల్ పీడనం నాలుగు బార్‌ల దాకా ఉంటుంది, కాబట్టి ఆయిల్ కూలంట్‌లోకి పోయి ట్యాంకులో నల్లటి తెట్టు కడుతుంది. ఇంజిన్ ఆగితే ఆయిల్ పీడనం సున్నా, కూలంటే ఆయిల్‌లోకి పోతుంది. చిల్లు ఒకటే, ప్రయాణం రెండువైపులా. ఆయిల్‌లో కూలంట్, కూలంట్‌లో ఆయిల్ రెండూ కనబడితే ముందు ఆయిల్ కూలర్‌ను విప్పాలి.

బుడగ కొట్టే దెబ్బ

ఆయిల్‌లోకి నీరు వచ్చే రెండో చోటు పిస్టన్ ఆడే గొట్టం, అంటే సిలిండర్ లైనర్. దాని కథ ఓడల నుంచి మొదలవుతుంది. 1890ల్లో చార్లెస్ పార్సన్స్ తన టర్బీనియా నౌకకు వేగం రాక తలపట్టుకున్నాడు. ప్రొపెల్లర్ చుట్టూ నీటిలో ఆవిరి బుడగలు పుట్టి బలాన్ని తినేస్తున్నాయని తేలింది. అటువంటి బుడగ కూలిపోయేటప్పుడు ఒక బిందువు మీద ఎంత భయంకరమైన పీడనం పుడుతుందో 1917లో లార్డ్ రేలీ గణితంతో చూపించాడు. గట్టి లోహాన్ని కూడా ఆ దెబ్బ కొరుకుతుంది.

పెద్ద డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి లైనర్ బయటి గోడ నేరుగా కూలంట్‌ను తాకుతుంది. మండిన ప్రతిసారీ పిస్టన్ పక్కకు ఒరిగి లైనర్‌ను కొడుతుంది. గోడ కంపిస్తుంది. గోడ వెనక్కి లాగిన క్షణంలో నీటిలో పీడనం పడి బుడగ పుడుతుంది, ముందుకొచ్చిన క్షణంలో కూలి గోడను గుచ్చుతుంది. సెకనుకు ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి. చివరికి సూదిమొన అంత చిల్లి లోపలికి తెరుచుకుంటుంది. దీన్ని ఆపేది కూలంట్‌లోని నైట్రైట్ వంటి రసాయనాలు ఇనుము మీద కట్టే పలుచటి పొర. దెబ్బ పొర మీద పడుతుంది, పొర మళ్లీ కట్టుకుంటుంది.

అసలు ముద్దాయి ఇక్కడ బయటపడతాడు. అల్ ఖోర్‌లో జనవరి రాత్రి కూడా నీరు గడ్డకట్టదు. గోదావరి జిల్లాల్లోనూ కట్టదు. గడ్డకట్టనిచోట గ్లైకాల్ ఎందుకని మామూలు నీళ్లు పోస్తారు. మట్టం తగ్గినప్పుడల్లా మళ్లీ నీళ్లే. ఒక్కో లీటరుతో మరిగే ఉష్ణోగ్రత దిగుతుంది, రక్షక రసాయనం పలచబడుతుంది, లైనర్ గోడ ఒట్టి ఇనుముగా మిగులుతుంది. ఆ నీరు బోరు నీరైతే ఇంకో శిక్ష. కాల్షియం కార్బనేట్ వేడిలో తక్కువగా కరిగే పదార్థం, అందుకే అన్నిటికన్నా వేడిగా ఉన్నచోటే, అంటే లైనర్ పైభాగంలో, సున్నపు పెంకు కడుతుంది. అది ఇనుముకన్నా సుమారు 25 రెట్లు తక్కువగా వేడిని పోనిస్తుంది. ఒక మిల్లీమీటరు పెంకు అంటే 25 మిల్లీమీటర్ల అదనపు ఇనుప గోడ కట్టినట్టు. అంటే చిన్న లీకుకు నీళ్లు పోసి కాలం గడపడమే పెద్ద లీకుకు పునాది.

ఖతర్ తాగునీరు దాదాపు అంతా సముద్రపు నీటిని శుద్ధి చేసినదే. అయినా తాగడానికి వీలుగా దానిలో ఖనిజాలు తిరిగి కలుపుతారు, కాబట్టి అదీ రేడియేటర్‌కు తగినది కాదు. లవణాలు తీసిన నీరు, బండి తయారీదారు చెప్పిన రకం కూలంట్, చెప్పిన పాళ్లలో, ఇదొక్కటే సరైన పానీయం. రంగు చూసి కలపడం కూడా ప్రమాదమే. గులాబీ రంగు అంతా ఒక రకం కాదు, ఆకుపచ్చ అంతా మరో రకం కాదు. రంగు కంపెనీ ఇష్టం, రసాయనం వేరే సంగతి.

విప్పే ముందు వరుస

మెకానిక్ గొప్పతనం ఎంత త్వరగా హెడ్డు దించాడన్న దాంట్లో లేదు, దించక ముందు ఎన్ని అవకాశాలు కొట్టేశాడన్న దాంట్లో ఉంది. వరుస ఇది. చల్లటి ఇంజిన్‌లో మట్టం గుర్తుపెట్టి నష్టం నిజమేనని తేల్చాలి. మూత మార్చి చూడాలి. టార్చితో మరకలు వెతకాలి. తెల్లవారుజామున నీడలో పీడనం పెట్టాలి. దొరక్కపోతే మెరిసే రంగు వేసి రాత్రి దీపం వేయాలి. బుడగలుంటే నీలి ద్రవంతో అవి గాలో పొగో తేల్చాలి. ఆయిల్ నమూనా పంపాలి. ఆయిల్ కూలర్, కంప్రెసర్, ఈజీఆర్ కూలర్ విడివిడిగా పరీక్షించాలి. హెడ్డు, లైనర్ ఆఖర్న. మెట్లు పోనుపోను ఖరీదవుతాయి, అందుకే ఆ వరుస.

డ్రైవరన్నలకు ఒక మాట. నీళ్లు పోయడం మరమ్మతు కాదు. పోసిన తేదీ, ఎన్ని లీటర్లు, బండి అప్పుడు చల్లగా ఉందా వేడిగా ఉందా అన్న మూడు సంగతులు ఒక చిన్న పుస్తకంలో రాయండి. షెడ్డులో బండి కన్నా ముందు ఆ పుస్తకాన్ని మెకానిక్ చేతికివ్వండి. సగం లీకులు ఆ కాగితం మీదే దొరుకుతాయి.